గీటురాయి మీద గీసిన రంగుల కార్డు

మా అన్న కంప్యూటర్ రంగుల కార్డును తీసుకెళ్ళి గీటురాయి మీద గీశాడు. ఈ ముక్క చెబితే ఇప్పటి పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఇన్నేళ్ళయినా ఆ కరకర చప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఆ కార్డు కోసం నేను ఎంత నోరు పారేసుకున్నానో, ఎన్ని మాటలు పడ్డానో నాకు తెలుసు.

మాది ధర్మవరం. ఇంటి వెనక నాలుగు మగ్గాలు, వీధి గదిలో చీరల అంగడి. అంగడి వ్యవహారమంతా అన్నది. డిజైన్లు నాయనవి. నాయన గళ్ళ కాగితం ముందు పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో ఒక్కో గడీ నింపుతూ అంచులు, కొంగులు గీసేవాడు. ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి, అట్టలను మగ్గం మీదికి ఎక్కిస్తే కాగితం మీది హంస పట్టు మీదికి దిగేది. డెబ్బైలలో, నేను ఇంకా లంగాలు వేసుకునే వయసులో, నాయన నన్ను బస్సులో లేపాక్షికి తీసుకెళ్ళేవాడు. అందరూ నందిని చూడటానికి పరిగెత్తేవాళ్ళు. నన్ను మాత్రం గుడి స్తంభాల దగ్గర కూర్చోబెట్టి, "ఆ లత ఎట్ల తిరిగిందో చూడు పాపా. చూసి గీయి. తప్పు పోతే చెరిపి మల్ల గీయి" అనేవాడు. అట్లా నాకు చెయ్యి కుదిరింది.

నేను అనంతపురంలో డిగ్రీ ముగించుకుని వచ్చేసరికి నాయన కళ్ళకు పొర కమ్మింది. గడులన్నీ కలిసిపోయి కనిపిస్తున్నాయని ఒకరోజు పెన్సిలు నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మా అంగట్లో అమ్ముడుపోయిన ప్రతి చీర అంచూ నేను గీసిందే. ఇంట్లోవాళ్ళకు తెలుసు, మగ్గాల మీద కూర్చునేవాళ్ళకు తెలుసు. చీరలు కొనే షావుకార్లకు మాత్రం తెలియదు. డిజైన్ ఎవరు వేశారని అడిగితే అన్న "మా ఇంట్లోనే అన్నా" అని మాట దాటేసేవాడు. ఆడపిల్ల వేసిందంటే ధర తగ్గిస్తారని అతని భయం. నాకు లోపల కోపంగానే ఉండేది. కానీ గీసే పని నా చేతిలో ఉంది కదా, పోనీలే అనుకునేదాన్ని.

ఎనభైల చివర్లో వరసగా వానలు లేవు. చేలల్లో శనక్కాయ ఎండిపోతే మా వైపు పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి. పెళ్ళిళ్ళు వాయిదా పడితే పట్టుచీరలు బీరువాల్లోనే మగ్గుతాయి. అప్పుడు మాకు దిక్కు బెంగుళూరు షావుకారు ఒక్కడే. ఆ ఏడాది ఆయన వచ్చి, నా గళ్ళ కాగితాలను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశాడు.

"ఈ గడులు చూస్తే నాకేం అర్థమైతాదప్పా? మా ఊర్లో కంప్యూటర్లో డిజైనేసి, రంగులతో సహా తెర మీద చూపిస్తాండారు. నచ్చితేనే మగ్గానికి ఎక్కిస్తారు. దసరా అయినాక వస్తా. మీరూ అట్ల చూపించినారా, సరే. లేకుంటే డిజైన్లు ఆడనే వేయించి పంపిస్తా. మీరు నేసిస్తే చాలు."

నేసిస్తే చాలు. ఆ మాట తలుపు వెనక నిలబడి విన్నాను. ఆయన అన్నట్టే జరిగితే నాకు గీయడానికి ఒక్క గడి కూడా మిగలదు. నాయన నాకిచ్చిన పని బెంగుళూరులో ఎవరి బల్ల మీదికో వెళ్ళిపోతుంది.

మా ఇంట్లో అప్పటికే ఒక కంప్యూటర్ ఉంది. అన్న అంతకు రెండు నెలల ముందు అంగడి లెక్కల కోసం తెచ్చాడు. మా వీధిలో అదే మొదటిది కాబట్టి జనం వచ్చి చూసి ముక్కున వేలేసుకుని పోయేవాళ్ళు. కానీ దాని తెర మీద పచ్చ అక్షరాలు తప్ప ఇంకేమీ పడవు. ఒక వంకర గీత గీయాలన్నా దానికి చేతకాదు. దాంతో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని అన్న తెరిచి కూడా చూడలేదు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. పెట్టె లోపల ఒక కార్డు ఉంటుందనీ, తెర మీద ఏం కనిపించాలో అదే నిర్ణయిస్తుందనీ, ఆ కార్డు మారిస్తే బొమ్మలూ రంగులూ వస్తాయనీ అందులో ఉంది.

"కార్డు మార్చుకుంటే మనింట్లోనే చూపించొచ్చు నా" అన్నాను అన్నతో. అన్నా అని పిలవడానికి మా సీమలో నా అంటాం.

"నీకేం తెలుసు? రేపో మాపో పెండ్లయి పోయేదానివి. నీకు నేర్పిచ్చి నాకేం లాభం?"

"నాకు ఎవరు నేర్పించినారు? నేనే చదువుకున్నా. షావుకారు డిజైన్లు ఆడ వేయిస్తే నీకు కూలి తప్ప ఏం మిగుల్తాదో అది చూసుకో."

లాభం మాట వచ్చేసరికి దారికొచ్చాడు. ఇద్దరం బెంగుళూరు బస్సెక్కాం.

అక్కడ కంప్యూటర్లు అమ్మే అంగడివాడు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. ప్రశ్న నేను అడిగితే జవాబు అన్నకు చెప్పేవాడు. అన్నకేమో అందులో ఒక్క ముక్క అర్థం కాక నా మొహం చూసేవాడు. అక్కడ రెండు రకాల కార్డులు ఉన్నాయి. ఒకదాంట్లో గీత సన్నగా, ముచ్చటగా పడుతుంది, కానీ మొత్తం ఒకే రంగు. మా దగ్గరున్న పచ్చ తెరకే అది సరిపోతుంది. ఇంకోదాంట్లో రంగులు వస్తాయి. చుక్కలు మాత్రం లావుగా, కంటికి గుచ్చుకునేట్టు పడతాయి. పైగా దానికి రంగుల తెర వేరే కొనాలి, మా పచ్చ తెర తగిలిస్తే కాలిపోతుంది.

"సన్నగీతదే తీసుకుందాం. తెర ఖర్చు తప్పుతాది" అన్నాడు అన్న.

"షావుకారు అడిగింది రంగులు నా. గీత లావుంటే నాకేమీ నష్టం లేదు. నేనెట్లాగూ గడులే కదా నింపేది. ఒక చుక్క ఒక గడి అనుకుంటా."

అంగడివాడు పచ్చ తెరను తిరిగి తీసుకుని రంగుల తెర ఇస్తానన్నాడు. పదహారు రంగులు వస్తాయని అన్న చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు. ఆఖరున కార్డు కింది అంచు చూపించాడు. దువ్వెన పళ్ళలాగా వరసగా పసుపు పచ్చటి పళ్ళు మెరుస్తున్నాయి. "వీటికి బంగారు పూత సార్. చెయ్యి తగలనియ్యొద్దు" అన్నాడు. నేను చెయ్యి తగలనియ్యొద్దు అన్న మాట విన్నాను. మా అన్న బంగారం అన్న మాట విన్నాడు.

మా వీధిలో ఏ ఇంట్లోనైనా ఒక పద్ధతి ఉంది. కొత్త జరీ ఇంట్లోకి వస్తే ముందు గీటురాయి మీద గీయాలి. పైపూత అరిగి కింద వెండి కనిపిస్తే మంచి జరీ, రాగి కనిపిస్తే మోసం. ఆ తర్వాతే దేవుడి దగ్గర పెడతారు. అన్న ఒకసారి గీయకుండా కొని, రాగి జరీతో నేయించి, పెళ్ళివాళ్ళతో నానా మాటలు పడ్డాడు. అప్పటినుంచి బంగారం అన్న మాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే గూట్లో ఉన్న గీటురాయి మీదికి పోతుంది.

మర్నాడు పొద్దున నేను కంప్యూటర్ మూత విప్పి, పాత కార్డు బయటికి తీశాను. లోపలి పెద్ద బోర్డు మీద చీమంత మీటలు కొన్ని ఉంటాయి. తెర మారితే అందులో రెండు మార్చాలని పుస్తకంలో ఉంది. పిన్నీసు మొనతో అవి రెండూ మార్చాను. దుమ్ము తుడవడానికి మెత్తటి గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వస్తుంటే కరకరమని చప్పుడు.

అన్న కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక చేతిలో గీటురాయి, ఇంకో చేతిలో కార్డు. అచ్చం జరీని గీసినట్టే అంచు ఆనించి గీస్తున్నాడు.

"ఏం చేస్తాండావు నా?"

"చూస్తాండా. పూత శానా పల్చగుండాది. లోపల రాగి. మోసం చేసినాడు వాడు."

అది జరీ కాదనీ, దాని కింద రాగే ఉండాలనీ, ఆ పళ్ళలో నుంచే కరెంటు పోతుందనీ చెప్పేదాకా కూడా ఆగలేదు. కార్డు లాక్కున్నాను. కొసన ఉన్న పళ్ళ మీద మెరుపు పోయి గీతలు మిగిలాయి. అయినా దేవుడి మీద భారం వేసి, గుడ్డతో తుడిచి, దాని చోట్లో గట్టిగా నొక్కి, మర బిగించి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. పెట్టె మాత్రం ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు కూసింది. కార్డు పని చేయకపోతే అట్లా కూస్తుందని పుస్తకంలో ఉంది.

అప్పుడు మా అన్న ఏమన్నాడో వినండి.

"చెప్పినా కదా, దీనికి బెంగుళూరోడే రావల్లని. నువ్వు ఏందో పిన్నీసు పెట్టి కెలికినావు, చెడిపోయింది."

నేను చెడగొట్టానట. మధ్యాహ్నానికి ఆ మాట వీధి దాటింది. సాయంత్రానికి మగ్గాల దగ్గరికి వెళితే ఒకామె జాలిగా, "పోనీలేమ్మా, మనకెందుకు అట్లాంటివి" అని ఓదార్చింది. ఆ ఓదార్పు నా కడుపులో ఇంకా నిప్పు పోసింది. గీసినవాడు దర్జాగా అంగట్లో కూర్చున్నాడు. పుస్తకం చదివి, మీట చూసి, మర తిప్పిన నేను తెలివితక్కువదాన్ని అయ్యాను. కార్డు వెనక్కి ఇచ్చే దారి కూడా లేదు. ఆ గీతలు చూస్తే ఏ అంగడివాడు తీసుకుంటాడు? అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, ఉక్రోషంతో.

నాయన నా పక్కన కూర్చుని, "యాడ చెడిందో చూసినావా?" అని మాత్రం అడిగాడు. చూడలేదు. కోపంలో ఆ ఆలోచనే రాలేదు. లేచి వెళ్ళి నాయన భూతద్దం పెట్టి ఒక్కో పన్నూ చూశాను. చాలావాటికి పైపూతే పోయింది. కొసన ఉన్న ఒక్కదానికి మాత్రం కింది రాగి పొర కూడా లేచిపోయి, నడిమికి తెగిపోయింది. మిగతా కార్డంతా బాగానే ఉంది.

మగ్గం మీద పోగు తెగితే చీర పారేయం కదా, అతికిస్తాం. జరీ అంటే పట్టు దారానికి చుట్టిన వెండి రేకు, దాని మీద బంగారు పూత. ఆ రేకు గోటి మీద పెడితే ఉందో లేదో తెలియనంత పల్చగా ఉంటుంది. మంచి జరీ ముక్క ఒకటి తీసుకుని, దారం మీది నుంచి రేకును విప్పాను. బజారులో రేడియోలు బాగుచేసే అంగడికి వెళ్ళి, తెగిన పన్ను మీద ఆ రేకును పరిచి చిన్న పట్టకారుతో పట్టుకున్నాను. ఆయన పైకొసన సీసం చుక్క వేసి అతికించాడు. ఇంటికొచ్చి మళ్ళీ బిగించాను. ఈసారి ఒక్కటే పొట్టి కూత వచ్చింది, తెర వెలిగింది. నేను అన్నను పిలవలేదు. నాయన్ను పిలిచాను.

నా కష్టాలు అంతటితో తీరలేదు. బొమ్మ గీయడం మొదలుపెడితే పదహారు రంగులు లేవు. పదహారు అక్షరాలకేనట. బొమ్మకు నాలుగే. అందులో ఒకటి నలుపు. మిగిలినవి తెలుపు, ఒక పాలిపోయిన నీలం, ఒక వెర్రి గులాబీ. అంగడివాడు చేతిలో చెయ్యి వేసి చెప్పిన పదహారు రంగులు ఇవి. ఆ గులాబీ అంచు చీర కట్టుకుని మా సీమలో ఏ పెళ్ళికూతురు పీటల మీద కూర్చుంటుంది? వాడు ఎదురుగా ఉంటే కడిగిపారేసేదాన్ని. వాడు లేడు కాబట్టి మళ్ళీ పుస్తకం ముందేసుకున్నాను. రంగులు రావడానికి టైపు చేసే ఆజ్ఞలో చివరన ఒకటి అంకె ఉంది. దాన్ని సున్నా చేస్తే ఇంకో జట్టు రంగులు వస్తాయని ఒక మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంది. సున్నా చేశాను. ఆకుపచ్చ, ఎరుపు, మట్టి పసుపు వచ్చాయి. ఎర్ర ఒడలు, పచ్చ అంచు, జరీ. మా ధర్మవరం చీరకు ఇంతకంటే ఏం కావాలి? కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆ రంగులనే చూస్తూ కూర్చున్నాను.

గళ్ళ కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో వరసనూ అంకెలుగా మార్చి, ఆ అంకెలన్నీ టైపు చేశాను. రోజూ వంట ముగించుకుని కూర్చునేదాన్ని. కరెంటు పోతే చేసిందంతా పోయేది, మళ్ళీ మొదటినుంచి టైపు చేసేదాన్ని. దసరా నాటికి లేపాక్షి స్తంభాల మీది లత, దాని మధ్యలో హంస, తెర నిండా పరుచుకున్నాయి. లావు చుక్కల వల్ల దగ్గరికి వెళితే గడులు గడులుగా కనిపించేది. రెండడుగులు వెనక్కి జరిగితే అచ్చం నేసిన అంచే.

షావుకారు చెప్పిన ప్రకారం వచ్చాడు. అన్న ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. నేను నడవ గుమ్మంలో నిలబడ్డాను. నాయన నులకమంచం మీద కూర్చున్నాడు. తెర వెలగగానే షావుకారు ముందుకు వంగాడు.

"అబ్బ, శానా బాగుండాదప్పా. ఎవరు వేసినారు?"

నేను అన్న వైపు చూశాను. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను.

"ఎవరూ లేదన్నా. మా కంప్యూటరే వేస్తాది" అన్నాడు నవ్వుతూ.

ఇన్నాళ్ళూ నా చెయ్యి దాచాడు, సర్దుకున్నాను. తను గీసి చెడగొట్టి నా మీదికి తోశాడు, మింగాను. ఇప్పుడు నా పనిని ఒక రేకు పెట్టెకు కట్టబెడుతున్నాడు. ఆ పెట్టెను ఎలా మేల్కొలపాలో కూడా అతనికి తెలియదు.

షావుకారు గడ్డం నిమురుకుంటూ, "హంస తల అటు తిరిగుండాది. ఇటు తిప్పించు చూస్తాం. చీర భుజం మీద పడినప్పుడు మొహం ముందుకు ఉండల్ల" అన్నాడు.

"అదెంతసేపన్నా" అని అన్న ఒక మీట నొక్కాడు. బొమ్మ మాయమై నల్లటి తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. ఇంకో మీట నొక్కాడు. పెట్టె కూసింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"పాపా, రొంత ఇట్రా."

నేను కదల్లేదు.

"ఏమిటికి నా? అదే వేస్తాది కదా. దానికే చెప్పు."

షావుకారు అన్న మొహం చూశాడు, నా మొహం చూశాడు. నాయన కంటికి మనుషులు సరిగా ఆనరు గానీ చెవులు బాగా పనిచేస్తాయి. మంచం మీది నుంచే, "ఉన్నదున్నట్ల చెప్పప్పా" అన్నాడు.

"మా చెల్లెలు వేసిందన్నా" అన్నాడు అన్న, తల వంచుకుని. "నాయనకు కండ్లు కనపడనప్పటి నుంచి అన్నీ పాపే వేస్తాంది. మీరు కొన్నవన్నీ అదే వేసింది."

అప్పుడు వెళ్ళి కూర్చున్నాను. వరసలను ఎడమ నుంచి చదివే చోట కుడి నుంచి చదవమని మార్చి, మళ్ళీ నడిపించాను. పై నుంచి ఒక్కో వరసా దిగుతూ హంస ఇటు తిరిగింది. షావుకారు తెరను చూడటం మానేసి నా చేతులను చూస్తున్నాడు. కుర్చీని నా వైపు జరుపుకున్నాడు.

"ఏమ్మా, ఉగాదికి ఇట్లాంటివి ఇంకా నాలుగు కావల్ల. వేసిస్తావా?"

"ఇస్తాదన్నా, దానికేం పని" అన్నాడు మా అన్న వెంటనే.

"నువ్వు గమ్మునుండు నా" అన్నాను. "ఆయన నన్నడిగినాడు. నేను చెప్తా."